బ్లాకు మీద నీళ్లు పోసే ముందు: చైనావాళ్ల ‘ముఖం’ గురించి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిది మీ సొంత ఇబ్బంది. హైదరాబాద్‌లోని మీ కంపెనీకి యంత్రభాగాలు పంపే చైనా సరఫరాదారు, మొన్నటి వీడియో సమావేశంలో వాళ్ల డ్రాయింగులోని తప్పును మీరు అందరి ముందూ చూపించినప్పటి నుంచి ముభావంగా ఉన్నాడు. ఎన్ని మెయిళ్లు పెట్టినా ‘పరిశీలిస్తున్నాం’ అన్న ముక్క తప్ప మరో జవాబు లేదు. రెండోది పెద్ద ప్రశ్న. ఎవరో ఒక కంపెనీ తన వెబ్‌సైట్లో తైవాన్ పేరు ఎలా రాసిందన్నదానికి అంత పెద్ద దేశం పరువు పోయినట్టు ఎందుకు లేస్తుంది? అది నిజమైన బాధా, నాటకమా?

నేను పండితుణ్ణి కాను. 2004 నుంచి దాదాపు పదిహేనేళ్లు చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ బ్లాకులను ఫూజియెన్ ప్రావిన్సులోని షియామెన్ రేవుకు అమ్మిపెట్టే పని చేశాను. షియామెన్ నుంచి కొంత దూరం లోపలికి వెళితే ష్వేతౌ అనే ఊరు వస్తుంది. ఊరంతా రాయి కోసే కర్మాగారాలే. చైనావాళ్ల ముఖం సంగతి, అంటే నలుగురిలో పరువు పట్టింపు, నేను చదివి తెలుసుకున్నది కొంత, ఆ ఊళ్లో దెబ్బతిని నేర్చుకున్నది ఎక్కువ.

ముందు ఒక అపోహ తీసేద్దాం. దీన్ని అంతుపట్టని తూర్పుదేశపు రహస్యంగా చెప్పే ఆనవాయితీ పాతది. ఆర్థర్ స్మిత్ అనే అమెరికన్ మతప్రచారకుడు 1890లలో చైనావాళ్ల స్వభావం మీద రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయమే ముఖం గురించి. పాశ్చాత్యులకు అది వింత కావచ్చు, తెలుగువాడికి ఎందుకు కావాలి? ‘నా మొహం చూసి ఈ ఒక్కసారికి ఒప్పుకోండి’ అని పెళ్లి మాటల దగ్గర పెద్దమనిషి అనే మాట చైనా భాషలో దాదాపు అక్షరాలా అదే: ‘కాన్ వొ ద మియెన్‌జి’, నా ముఖం చూడు. ‘సన్యాసి ముఖం చూడకపోయినా బుద్ధుడి ముఖమైనా చూడు’ అని వాళ్లకొక సామెత. అప్పు ఎగ్గొట్టినవాణ్ణి తిట్టబోయి వాడి తండ్రిని తలచుకుని ఊరుకునే ఊళ్లలో పుట్టినవాళ్లం మనం. మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అయితే వాళ్ల దగ్గర మాటలు రెండున్నాయి. ఆ తేడా తెలియకపోతే మీ రెండో ప్రశ్నకు సమాధానం దొరకదు. ఒకటి ‘లియెన్’, మరొకటి ‘మియెన్‌జి’. రెంటికీ అర్థం ముఖమే. హు శియెన్‌చిన్ అనే మానవశాస్త్ర పరిశోధకులు 1944లో అమెరికాలోని ఒక శాస్త్రపత్రికలో ఈ తేడాను వివరంగా రాశారు, ఇప్పటికీ అందరూ దాన్నే ఉదహరిస్తారు. నా మాటల్లో చెప్పాలంటే లియెన్ మనిషి నడవడికి సంబంధించినది. తప్పుడు పని చేస్తే అది పోతుంది, పోతే నలుగురిలో తలెత్తుకోలేరు. ‘బు యావ్ లియెన్’ అంటే ముఖం అక్కర్లేనివాడు, మన ‘సిగ్గులేనివాడు’ కన్నా చాలా ఘాటైన తిట్టు. మియెన్‌జి అలా కాదు. అది హోదా, పలుకుబడి, డాబు. దాన్ని ఒకరికి ఇవ్వవచ్చు, అరువు తెచ్చుకోవచ్చు, పెంచుకోవచ్చు, కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. లియెన్‌లో ఎక్కువ తక్కువలు లేవు. రిక్షావాడికైనా మంత్రికైనా ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు.

మియెన్‌జి ఎంత పలచనిదో చెప్పడానికి చైనా రచయిత లు షున్ 1934లో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఒక పిట్టకథ ఉంది. ఊళ్లో ఒక పెద్ద ధనవంతుడు. ఆయనతో మాట్లాడటమే గొప్ప. ఒక నిరుపేద ఒకనాడు ఆనందంతో ఊగిపోతూ వచ్చి, ‘ఆయన నాతో మాట్లాడాడు’ అన్నాడు. ఏమన్నాడని అడిగితే, ‘ఆయన గుమ్మం ముందు నిలబడి ఉన్నాను, బయటికొచ్చి ఫో అవతలికి అన్నాడు’ అని చెప్పాడు. చైనావాళ్లే తమను తాము ఇలా వెక్కిరించుకుంటారని కొందరు మరచిపోతారు.

ఇక నా దెబ్బ సంగతి.

2006లో అనుకుంటాను, ష్వేతౌలో మా ప్రధాన కొనుగోలుదారు యార్డుకు వెళ్లాను. ఆయన్ను అందరూ ‘లావ్‌బాన్’ అంటారు, యజమాని అని. ఆ రోజు ఆయన దగ్గరికి పలకలు కొనడానికి వేరే ఊరి వర్తకులు ముగ్గురొచ్చారు. మా బ్లాకు ఒకదానికి మూలన సన్నని పగులుంది. ‘ఇది క్వారీ నుంచే వచ్చింది, భారతదేశపు రాయితో ఎప్పుడూ ఇదే గొడవ’ అని ఆయన నవ్వుతూ వాళ్లతో అన్నాడు. దుబాసీ ఆ మాట నాకు చెప్పేసరికి ఒళ్లు మండింది. పక్కనే ఉన్న బకెట్టు నీళ్లు తీసుకుని బ్లాకు మీద గుమ్మరించాను. రాయి పనిలో ఉన్నవాళ్లకు ఈ చిట్కా తెలుసు: పైభాగం ఆరిపోయాక పగులున్న చోట తడి గీతలా మిగులుతుంది. ఆ గీత క్రేన్ గొలుసు తగిలి పెచ్చు లేచిన మూల దగ్గర మొదలై లోపలికి పోయింది. అంటే దించేటప్పుడు ఆయన మనుషులే పడేశారు. వేలితో ఆ గీత వెంబడి గీసి మరీ చూపించాను. వర్తకులు చూశారు, క్రేన్ నడిపే కుర్రవాడు కూడా చూశాడు.

నేను చెప్పింది నిజం, అందులో అనుమానమేమీ లేదు. లావ్‌బాన్ కూడా కాదనలేదు. ‘మెయ్ షి, మెయ్ షి’ అని నవ్వాడు, ఏం ఫరవాలేదు అని. రాత్రి భోజనానికి తీసుకెళ్లాడు. గుండ్రటి బల్ల మీద ఆవిరిలో ఉడికించిన చేపను, తల నా వైపు ఉండేలా పెట్టించాడు. అది అతిథికి గౌరవం. గ్లాసు తాకించేటప్పుడు తన గ్లాసు అంచును నా గ్లాసు కన్నా కిందికి దించాడు. వాదనలో గెలిచాను, మర్యాదా దక్కింది అనుకుంటూ ఒంగోలు తిరిగొచ్చాను.

తరువాత ఎనిమిది నెలలు ఒక్క బ్లాకూ కొనలేదు. కొననని చెప్పనూ లేదు. అడిగితే ‘యెన్‌జ్యూ యెన్‌జ్యూ’ అనేవాడు, చూద్దాం, ఆలోచిద్దాం అని. మీకొస్తున్న ‘పరిశీలిస్తున్నాం’ దీనికి తోబుట్టువే. చివరికి షియామెన్‌లోని మా మధ్యవర్తి ఒక పెద్దాయన టీ పోస్తూ చెప్పాడు: ‘పగులు ఎవరి వల్ల వచ్చిందన్నది సాయంత్రం టీ దగ్గర ఆయనతో ఒంటరిగా అంటే, ఆ బ్లాకు డబ్బు ఆయనే కట్టేవాడు. నువ్వు నీళ్లు పోసింది బ్లాకు మీద కాదు.’ గమనించండి, లావ్‌బాన్ లియెన్‌కు ఏమీ కాలేదు, ఆయన మోసగాడని ఎవరూ అనుకోలేదు. ఆయన మియెన్‌జి మాత్రం తన పనివాడి కళ్ల ముందు, తన కొనుగోలుదారుల కళ్ల ముందు జారిపోయింది. ఆ నలుగురూ లేకపోతే అసలు సంగతే లేదు.

ఆ ‘నలుగురు’ అన్న మాట పట్టుకుని దేశం దగ్గరికి వెళ్దాం. నేను ఇక్కడ చెప్పదలచుకున్నదల్లా ఇదే. చైనా ప్రభుత్వం ముఖం గురించి ఆందోళన పడుతున్నప్పుడు, ఎవరి కళ్ల ముందు అని అడగాలి. పైకి ఎదుటివాడు అమెరికా అవుతుంది, ఇండియా అవుతుంది, ఒక కార్ల కంపెనీ అవుతుంది. ప్రేక్షకులు మాత్రం చాలాసార్లు స్వదేశంలోనే కూర్చుని ఉంటారు.

నాకు బాగా నచ్చే ఉదాహరణ 2001 నాటి హైనాన్ వ్యవహారం. ఏప్రిల్ 1న చైనా తీరానికి అవతల అమెరికా నౌకాదళపు నిఘా విమానం ఒకటి, దాన్ని వెంబడిస్తున్న చైనా యుద్ధవిమానం ఢీకొన్నాయి. చైనా పైలట్ వాంగ్ వెయ్ చనిపోయాడు. దెబ్బతిన్న అమెరికా విమానం అనుమతి లేకుండానే హైనాన్ దీవిలో దిగింది. అందులోని 24 మందిని చైనా నిర్బంధించింది. ‘దావ్‌ఛియెన్’ చెప్పాలని పట్టుబట్టింది. తప్పు ఒప్పుకుని అడిగే క్షమాపణకు ఆ మాట. అమెరికా ఒప్పుకోదు, దాని ముఖం దానిది. పదకొండు రోజులు మాటల బేరం సాగింది. ఏప్రిల్ 11న అమెరికా రాయబారి జోసెఫ్ ప్రూహర్ సంతకంతో ఒక ఉత్తరం వెళ్లింది. పైలట్ కుటుంబానికి జరిగిన నష్టానికి ‘చాలా విచారిస్తున్నాం’ అని ఒకచోట, అనుమతి లేకుండా దిగినందుకు ‘చాలా విచారిస్తున్నాం’ అని మరోచోట. ఢీకొట్టిన తప్పు మాదని ఎక్కడా లేదు. ఈ మాటను చైనా పత్రికలు ‘షెన్ బియావ్ ఛియెన్‌యి’ అని అనువదించాయి. దావ్‌ఛియెన్‌కు ఒక మెట్టు కింద ఉండే మాట, చదివేవాడికి మాత్రం క్షమాపణలాగే వినిపిస్తుంది. మేము క్షమాపణ చెప్పలేదని అమెరికా తన జనానికి చెప్పుకుంది, చెప్పించామని చైనా తన జనానికి చెప్పుకుంది. సిబ్బంది ఇళ్లకు చేరారు.

కథకు తోక ఇంకా ఉంది. విమానాన్ని బాగుచేసుకుని ఎగరేసుకు పోతామంటే చైనా ఒప్పుకోలేదు. శత్రువు విమానం తన రెక్కల మీద తాను ఎగిరి వెళ్లిపోతే చూసేవాళ్లు ఏమనుకుంటారు? జులైలో ముక్కలుగా విప్పి, రష్యా రవాణా విమానంలో మూటకట్టి పంపారు. ఖర్చుల కింద చైనా దాదాపు పది లక్షల డాలర్లు అడిగితే, అమెరికా 34,567 డాలర్లు ఇస్తానంది. మూడు నాలుగు ఐదు ఆరు ఏడు! వ్యాపారిగా చెబుతున్నాను, ఎవరైనా నాకు వరుస అంకెల చెక్కు పంపితే నేనూ తిప్పి పంపేవాణ్ణే. చైనా అదే చేసింది.

అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు ఈ లెక్క బాగా తెలుసు. 1954లో జెనీవా సమావేశాల్లో అమెరికా విదేశాంగ మంత్రి డలెస్, చైనా ప్రధాని చౌ ఎన్‌లై చాపిన చేతిని అందుకోలేదని చైనాలో చాలా ఏళ్లు చెప్పుకున్నారు. 1972 ఫిబ్రవరిలో బీజింగ్‌లో విమానం మెట్లు దిగుతూ నిక్సన్ తన చేతిని తానే ముందు చాపాడు, కెమెరాలు చూస్తుండగా. ఆ ఒక్క చేతికి ఎంత విలువో దౌత్యవేత్తలందరికీ అర్థమైంది.

ఇంతటి పట్టుదల ఎక్కడి నుంచి వచ్చింది? పాఠ్యపుస్తకాల నుంచి. 1839లో బ్రిటన్‌తో నల్లమందు గొడవతో మొదలై 1949 దాకా నడిచిన కాలాన్ని వాళ్లు ‘నూరేళ్ల జాతి అవమానం’ అంటారు. 1842 నాన్‌కింగ్ సంధితో హాంకాంగ్ పోయింది, 1860లో ఆంగ్లేయులు, ఫ్రెంచివాళ్లు చక్రవర్తి వేసవి భవనాన్ని దోచుకున్నారు, ఆంగ్లేయులు దాన్ని తగలబెట్టారు, 1895లో జపాన్ చేతిలో ఓటమి, 1901లో, విదేశీయుల మీద జరిగిన బాక్సర్ తిరుగుబాటుకు జరిమానాగా 45 కోట్ల టేళ్ల (టేల్ అంటే చైనా తూకం) వెండి, అంటే అప్పటి జనాభాలో తలకొకటి. బీజింగ్‌లో ఆ వేసవి భవనపు శిథిలాలను శిథిలాలుగానే ఉంచారు, చూసి గుర్తుంచుకోవడానికి. 1949 సెప్టెంబరులో మావో ‘చైనా ప్రజలు లేచి నిలబడ్డారు’ అన్నది ఈ నేపథ్యంలోనే. 1989లో తియనన్మెన్ చౌక్‌లో విద్యార్థుల ఉద్యమాన్ని అణచివేసిన తరువాత, 1990లలో పార్టీ దేశభక్తి బోధనను ఒక ఉద్యమంలా నడిపి ఈ పాఠాన్ని మరింత గట్టిగా నూరిపోసింది. విప్లవం మీద నమ్మకం పలచబడ్డ తరానికి అవమానం జ్ఞాపకం చేయడం సులువు.

ఈ కథలో మనమూ ఒక మూల ఉన్నాం, చాలామందికి తెలియదు. గ్వాంగ్‌జౌ శివారులో సాన్‌యువాన్‌లి అనే చోట 1841 మేలో ఊరిజనం ఆంగ్లేయుల సైన్యాన్ని చుట్టుముట్టారు. చైనాలో బడి పిల్లలందరికీ ఆ పేరు తెలుసు. ఆ కుండపోత వానలో మందు తడిసి, తుపాకులు పేలక, దారి తప్పి చిక్కుకుపోయిన దళం 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీది. ఆ రోజుల్లో మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలూ ఉండేవారు. నల్లమందు సంగతి చెప్పనక్కర్లేదు, పండింది మన గంగా మైదానంలో, మాళవంలో. అక్కడి స్మారకశాలలో నిలబడితే, అవమానించినవాళ్ల వరసలో మన జీతగాళ్లు కూడా ఉన్నారని తెలిసి నాకు కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

పాత గాయం నిజమే. అయినా దాన్ని ఎప్పుడు బయటికి తీయాలో నిర్ణయించేది ప్రభుత్వం. ‘చైనా ప్రజల మనోభావాలను గాయపరిచారు’ అన్న మాట మీరు వినే ఉంటారు. పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ పాత సంచికలు తిరగేసినవాళ్లు తేల్చినదాని ప్రకారం ఆ మాట మొదట పడింది 1959లో, సరిహద్దు వివాదంలో, మన దేశం మీదే. ఇప్పుడు 2018 ఫిబ్రవరి తీసుకోండి. మెర్సిడెస్ బెంజ్ కంపెనీ ఇన్‌స్టాగ్రామ్‌లో దలైలామా సూక్తి ఒకటి పెట్టింది. పెద్ద గొడవ అయింది, కంపెనీ చైనా భాషలో క్షమాపణ చెప్పుకుంది. ఇన్‌స్టాగ్రామ్ చైనాలో 2014 నుంచే మూసేసి ఉంది. మరి ఎవరి మనోభావాలు, ఎక్కడ చూసి గాయపడ్డాయి? దీన్ని నేను బాధ అనను. అదే ఏడాది నవంబరులో డోల్చే అండ్ గబానా అనే ఇటలీ దుస్తుల కంపెనీ సంగతి వేరు. చైనా యువతి చాప్‌స్టిక్స్‌తో పిజ్జా తినలేక తంటాలు పడుతున్నట్టు ప్రకటన చేశారు. జనానికి నిజంగానే ఒళ్లు మండింది. షాంఘైలో ప్రదర్శన రద్దయింది, ఇద్దరు యజమానులూ వీడియోలో ‘దుయ్ బు ఛి’ అని చైనా భాషలో క్షమించమన్నారు. మనం తినే తీరును పట్టుకుని ఎవరైనా అలా వెకిలి చేస్తే మనకు కోపం రాదా? కాబట్టి నాటకమా నిజమా అన్నదానికి ఒకే జవాబు లేదు, ఏ సంఘటనకు ఆ సంఘటన చూడాలి. మొదటి కోపం ఎవరిది, అది ఎక్కడ మొదలైంది అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

మీరడిగిన తైవాన్ పేరు గొడవ కూడా 2018దే. చైనా పౌరవిమానయాన శాఖ విదేశీ విమాన సంస్థలు నలభైకి పైగా వాటికి ఉత్తరాలు రాసింది, వెబ్‌సైట్లలో తైవాన్‌ను విడి దేశంగా చూపకూడదని. మన ఎయిర్ ఇండియా కూడా ఆ జులైలో ‘చైనీస్ తైపే’ అని మార్చేసింది. ఇక్కడ మాత్రం ముఖం అన్న మాట పక్కన పెట్టండి. ప్రతిదానికీ ‘వాళ్ల సంస్కృతి అంతే’ అని సర్దిచెప్పేవాళ్లంటే నాకు చిరాకు. తైవాన్ మీద హక్కు వాళ్లకు రాజ్యప్రయోజనం. పేరు ఒక్కొక్కచోట మారుతూ పోతే, రేపు ఎవరైనా కాదన్నప్పుడు ప్రపంచమంతా ఇలాగే రాస్తోంది అని చూపించవచ్చు. పొలం గట్టు మీద ఏటా ఒక రాయి జరిపేవాడు పరువు కోసం జరపడు.

ముఖం వల్ల నిజంగా నష్టపోయింది ఎవరని అడిగితే, చైనా జనమే అంటాను. ఈ విషయంలో నాకు కాస్త ఆవేశం ఎక్కువ, ఓర్చుకోండి. ‘చెంపలు వాచేలా కొట్టుకుని లావుగా కనిపించడం’ అని వాళ్ల సామెత. మన ‘మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె’కు అన్నలాంటిది. 1959లో ఊళ్లకు ఊళ్లు ఆకలితో చస్తుంటే నలభై లక్షల టన్నులకు పైగా ధాన్యం ఎగుమతి చేశారు. సోవియట్ బాకీ తీర్చాలి, మావో తలపెట్టిన ‘గొప్ప ముందంజ’ పథకం విఫలమైందని ఎవరికీ తెలియకూడదు. 1976 జులై 28న తాంగ్‌షాన్ భూకంపంలో 2,42,000 మందికి పైగా చనిపోయారు. బయటి దేశాలు సాయం చేస్తామంటే వద్దన్నారు. మృతుల సంఖ్యనే 1979 దాకా బయటపెట్టలేదు. అదే 2008 మేలో సిచువాన్ భూకంపానికి విదేశీ సహాయక దళాలను రానిచ్చారు. అందరికన్నా ముందు వచ్చినవాళ్లు జపాన్‌వాళ్లు. శిథిలాల నుంచి తీసిన ఒక తల్లి, పసిబిడ్డ మృతదేహాల ముందు జపాన్ దళం వరుసగా నిలబడి తల వంచిన ఫోటో చైనా అంతటా తిరిగింది. ముప్పై రెండేళ్ల కిందట సాయం తీసుకుంటే పోతుందనుకున్న ముఖం, ఈసారి తీసుకున్నా పోలేదు. మనకూ ఈ పట్టింపు లేకపోలేదు. 2004 సునామీకి, 2018 కేరళ వరదలకు విదేశీ ప్రభుత్వాల సాయం వద్దన్నది మన ప్రభుత్వమే.

‘ఇల్లు గుట్టు, రోగం రట్టు’ అని మా నాయనమ్మ అనేది. ఇంటి సంగతి దాచుకోవాలి, జబ్బు సంగతి నలుగురికీ చెప్పుకోవాలి, ఎవరో ఒకరు మందు చెబుతారు. చైనావాళ్ల సామెతలో మొదటి సగమే ఉంది: ఇంటి రోత బయటికి చెప్పకూడదు. 2003 నాటి సార్స్ అంటువ్యాధి కథ ఈ తేడాను చూపిస్తుంది. ఏప్రిల్ మొదట్లో ఆరోగ్యమంత్రి జాంగ్ వెన్‌కాంగ్ అంతా అదుపులో ఉందని విలేకరులతో అన్నాడు. జియాంగ్ యెన్‌యోంగ్ అనే పదవీ విరమణ చేసిన సైనిక శస్త్రవైద్యుడు, సైనిక ఆసుపత్రుల్లో లెక్క వేరే ఉందని టీవీ చానెళ్లకు రాశాడు. ఏప్రిల్ 20న బీజింగ్ రోగుల సంఖ్య 37 నుంచి ఒక్కసారిగా 339కి ఎక్కింది. ఆ రోజే మంత్రి పదవి పోయింది, నగర మేయరు పదవీ పోయింది. 2020లో వూహాన్ వైద్యుడు లీ వెన్‌లియాంగ్‌ను, కొత్త జబ్బు గురించి తోటి వైద్యులకు చెప్పినందుకు పోలీసులు పిలిచి మందలించారు. ఫిబ్రవరి 7న ఆయన అదే జబ్బుతో పోయాక జనం కోపం చూసి, మార్చిలో ఆ మందలింపును రద్దు చేశారు. ఆయన పోయిన రాత్రి ప్రభుత్వం ముఖం ఎవరి ముందు వాడిపోయిందో చూడండి. అమెరికా ముందు కాదు.

చిన్న విషయాల్లో ఈ పట్టింపు కొంత ముచ్చటగానూ ఉంటుంది. 2008 ఒలింపిక్స్‌కు ముందు బీజింగ్‌లో ప్రతి నెలా 11వ తేదీని వరుసలో నిలబడే రోజుగా పెట్టారు. 11 అంకె చూడండి, ఇద్దరు ఒకరి వెనక ఒకరు నిలబడినట్టు ఉంటుంది. ముచ్చటలోనే ముల్లు కూడా ఉంది. ఆ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఒక చిన్నారి పాడిన పాట ప్రపంచమంతా విన్నది. గొంతు మాత్రం తెర వెనక మరో పిల్లది. ఆ పిల్ల పళ్లు, ముఖం దేశం ప్రతిష్ఠకు సరిపోవని పెద్దలు తేల్చారు. దేశప్రయోజనం కోసమే చేశామని సంగీత దర్శకుడు రేడియోలో తానే చెప్పాడు. ఏడేళ్ల పిల్లకు ముఖం లేకుండా చేసి దేశానికి ముఖం తెచ్చారు. చైనాలోనే చాలామంది దాన్ని తప్పుబట్టారు. 2013లో ఈజిప్టులోని లక్సర్ గుడి గోడ మీద ఒక చైనా బడిపిల్లవాడు ‘ఫలానావాడు ఇక్కడికొచ్చాడు’ అని చెక్కినట్టు బయటపడితే, దేశం పరువు తీశాడని జనమే వాడి ఆచూకీ తీశారు. తల్లిదండ్రులు పత్రికాముఖంగా క్షమాపణ చెప్పారు. ఆ ఏడాదే పర్యాటక శాఖ 64 పేజీల మర్యాదల పుస్తకం వేసింది, బహిరంగంగా ముక్కులో వేలు పెట్టుకోవద్దన్న దాకా. గోల్కొండ గోడల మీద మనవాళ్లు బాణం గుచ్చిన గుండెలు చెక్కుతూనే ఉన్నారు, దేశం తలవంచుకున్నట్టు నేనెక్కడా వినలేదు.

గల్వాన్ సంగతి చెప్పకుండా ఒక తెలుగువాడు ఈ విషయం ముగించలేడు. 2020 జూన్ 15 రాత్రి మన 20 మంది సైనికులు చనిపోయారు. దళాధిపతి సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు. మర్నాటికే మన సైన్యం ప్రకటించింది. శవపేటిక ఇంటికి వచ్చింది, ఊరంతా రోడ్డు మీదికొచ్చి పూలు చల్లింది. చైనా మాత్రం ఎనిమిది నెలలు నోరు విప్పలేదు. 2021 ఫిబ్రవరి 19న నలుగురు చనిపోయారని, వాళ్లు వీరులని ప్రకటించింది. ఆ సంఖ్యను అనుమానిస్తూ రాసిన ఒక బ్లాగరుకు, అమరులను కించపరిచాడని నాన్‌జింగ్ కోర్టు ఎనిమిది నెలల జైలు వేసింది. గాయపడ్డ వాళ్ల అధికారి ఛి ఫాబావ్ చేతికి 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ జ్యోతిని ఇచ్చారు. ఆ ఉత్సవాల ఆరంభానికీ ముగింపుకూ మన దౌత్యవేత్తలు వెళ్లలేదు. చనిపోయిన ఆ నలుగురికీ తల్లిదండ్రులు ఉంటారు. ఎనిమిది నెలలు వాళ్లు ఊళ్లో ఎవరికి ఏమని చెప్పుకున్నారో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇక మీ సరఫరాదారు. డ్రాయింగులో తప్పు ఉంది, అది దిద్దాలి, దానిలో రాజీ వద్దు. మళ్లీ మెయిలు పెట్టకండి, అందులో పదిమంది పేర్లు చేర్చి అసలే పెట్టకండి. వాళ్ల కంపెనీలో మీతో చనువున్న చిన్న ఉద్యోగి ఎవరైనా ఉంటే వీచాట్‌లో మాట్లాడండి. మా వైపు కొలతలు ఇవ్వడంలో కొంత గందరగోళం జరిగినట్టుంది, మీరొకసారి సరిచూసి కొత్త డ్రాయింగు పంపితే రెండు వైపులా సులువవుతుంది అని చెప్పండి. ఇది అబద్ధమని మీ ఇద్దరికీ తెలుస్తుంది, ఫరవాలేదు. కొత్త డ్రాయింగు వస్తే దాన్ని మాత్రం అందరూ ఉన్న సమావేశంలో, పై అధికారి వినేలా మెచ్చుకోండి. మీ సరఫరాదారు తిరిగి ఏమీ అనడు. తరువాతి సరుకు రెండు రోజులు ముందుగా వస్తుంది.

నా లావ్‌బాన్ విషయంలో మధ్యవర్తి పెద్దాయన ఇలాంటి పనే చేయించాడు. షియామెన్ రాతి ప్రదర్శనలో, ఆ ముగ్గురు వర్తకులు పక్కనే ఉండగా, కొత్త క్వారీ రాయి నమూనా పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. దీనికి ధర పెట్టడం మాకు తెలియడం లేదు, మీరే చెప్పాలి అని అడిగాను. నమూనాను వెలుతురులోకి తిప్పి తిప్పి చూసి, అరగంట పాఠం చెప్పాడు. నేను టీ కప్పు పక్కన రెండు వేళ్లతో బల్ల తట్టుతూ, అంటే వాళ్ల పద్ధతిలో కృతజ్ఞత చెబుతూ, విన్నాను. బ్లాకు పగులు మాట ఎవరూ ఎత్తలేదు.

మరుసటి ఏడాది ఆయనే చీమకుర్తి వచ్చాడు. మా క్వారీ యజమాని, మేస్త్రీలు, ఇంకో ఇద్దరు ఎగుమతిదారులు చుట్టూ ఉన్నారు. మామూలుగా చైనా కొనుగోలుదారులు ప్రతి బ్లాకు మీదా నీళ్లు పోయించి గంటసేపు కాపలా కాస్తారు. ఆయన నా బ్లాకులు పదకొండింటినీ అరచేత్తో తట్టి, నీళ్లు అక్కర్లేదు, ఇతని రాయి నాకు తెలుసు అని దుబాసీ చేత గట్టిగా చెప్పించి, రంగుతో గుర్తులు వేయించాడు. మా యజమాని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక చీటీల పుస్తకం మరచిపోయి క్వారీకి తిరిగొచ్చాను. బ్లాకుల మధ్య ఒక టార్చిలైటు కదులుతోంది. లావ్‌బాన్ ఒక్కడే గొంతుక్కూర్చుని, చేతిలోని బిస్లరీ సీసాతో బ్లాకు మూల మీద కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ ఆరేదాకా చూస్తున్నాడు. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.